చెప్పులు బయటే విడవాలా?

గంభీరావుపేట నుండి కామారెడ్డి చేరి, నిజామాబాద్ దారి పట్టితే డిచ్‌పల్లి వస్తుంది. అక్కడ కుష్ఠు రోగుల కొరకు 1915లో ఆసుపత్రి నెలకొల్పినవారు వెస్లియన్ మిషనరీలైన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు. దానికి పెద్ద మొత్తము ఇచ్చిన దాత నర్సాగౌడ్ గారు హిందువు. ఊరు వెళ్లగొట్టినవారికి అక్కడ మందు, ఆశ్రయము దొరికినవి. మన సంఘములు ఈ సంగతి సంతోషముగా చెప్పుకొంటాయి. చెప్పుకోవలసినదే. కాని నయమై ఇంటికి వచ్చినవారు మన గుడిలో ఎక్కడ కూర్చుంటున్నారు?

చాలాచోట్ల తలుపు పక్కన, గోడ వారగా. అక్కడ కూర్చోమని ఎవరూ అనలేదు. ముందుకు రమ్మని కూడా ఎవరూ అనలేదు.

మందు మొదలుపెట్టిన కొద్ది రోజులలోనే ఈ రోగము ఇతరులకు అంటుట ఆగిపోతుంది. ఆరు నెలలో, ఏడాదో ప్రభుత్వమిచ్చే మాత్రలు ఉచితముగా మింగితే నయమవుతుంది. అయితే అంతకు ముందే నరములు దెబ్బతిని వంగిన వేళ్లు వంగినట్లే ఉండవచ్చును. మనము ఆ వేళ్లను చూచి రోగమింకా ఉన్నదనుకొంటాము. ప్రభు సంస్కారమునాడు గిన్నె వారి దాకా వచ్చేసరికి వెనుకనున్నవారు తటపటాయిస్తారు. మార్కు సువార్త మొదటి అధ్యాయములో యేసు ప్రభువు ఆ మనిషిని దూరమునుండి మాటతో బాగుచేయగలిగియుండి కూడా చేయి చాపి ముట్టెను. తరువాత యాజకుని యొద్దకు పంపెను. ఊరు అతనిని తిరిగి చేర్చుకొనుటకు అది అవసరము.

క్రైస్తవుల విడాకుల చట్టములో కుష్ఠు ఒక కారణముగా ఉండేది. 2019లో పార్లమెంటు దానిని తీసివేసింది. మన పెండ్లి మాటలలో నుండి మాత్రము అది ఇంకా పోలేదు. అన్నకు ఈ రోగము వచ్చి నయమైనా చెల్లెలి సంబంధము తప్పిపోతుంది.

ఇప్పుడు చెప్పుల సంగతి. గుడి మెట్ల దగ్గర చెప్పులు విడుచుట మనకు భక్తి. కాని స్పర్శ లేని పాదమునకు ముల్లు దిగినా, ఎండకు బండ కాలినా తెలియదు. చిన్న గాయమే పుండై ఎముక దాకా పోతుంది. అందుకే వారికి మెత్తని రబ్బరు చెప్పులు ఇస్తారు. వాటిని బయట విడువలేక, లోపలికి వేసుకొని రాలేక, ఇంటి దగ్గరే ఆగిపోయేవారు ఉంటారు. "అమ్మా, చెప్పులతోనే లోపలికి రండి" అని సంఘ పెద్ద నలుగురు వినేలా ఒక్క ఆదివారము చెప్పితే చాలును. మోషేకు చెప్పులు విడువుమన్న దేవుడు ఈ పాదములను ఎరుగడా?

కూడికలో టీ ఇచ్చేటప్పుడు వేడి స్టీలు గ్లాసు చేతికి ఇవ్వకండి. కాలినా వారికి తెలియదు. పిడి ఉన్న కప్పు మంచిది, అందరికీ అదే ఇస్తే ఇంకా మంచిది. పాపమును వర్ణించుటకు ప్రసంగములో మాటిమాటికి కుష్ఠును పోలికగా తెచ్చుట కూడా తగ్గించవచ్చును. గోడ వారగా కూర్చున్న మనిషి వింటున్నాడు.

ఈ సంగతి వారి ఒక్కరిదే కాదు. ప్రపంచములోని కొత్త రోగులలో సగానికి పైగా మన దేశములోనే ఉన్నారు. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనబడిన చెల్లెలు, రేపు తనను ఎక్కడ కూర్చోబెడతారోనని దానిని పైటకొంగుతో దాచుకొంటుంది. ఆ దాచిన నెలలలోనే వేళ్లు వంగుతాయి. స్త్రీల కూడికలో ఒకరు ఆమెతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వరకు వెళ్లి, మరుసటి ఆదివారము ఆమె పక్కనే కూర్చోవచ్చును.