మీకు తెలుసా? రిపీటర్‌కు కాపలాదారు స్క్వెల్చ్

సిగ్నల్ అందనప్పుడు ఎఫ్‌ఎం రిసీవర్ మౌనంగా ఉండదు, బుస్సుమని హోరెత్తుతుంది. ఆ హోరును స్పీకర్‌కు చేరనివ్వని సర్క్యూటే స్క్వెల్చ్. అందిన సిగ్నల్‌ను తిరిగి ప్రసారం చేసే హామ్ రేడియో రిపీటర్‌లో దీనికి మరో బాధ్యత కూడా ఉంది: ట్రాన్స్‌మిటర్‌ను ఎప్పుడు ఆన్ చేయాలో తేల్చడం.

• స్క్వెల్చ్ వెతికేది మాటను కాదు, హోరును! రేడియోలో మాట దాదాపు 3 కిలోహెర్ట్జ్ లోపే ఉంటుంది. అంతకు చాలా పైనున్న హోరును ఫిల్టర్‌తో వేరుచేసి, డీసీ వోల్టేజ్‌గా మార్చి కొలుస్తారు. సిగ్నల్ రాగానే హోరు తగ్గి, ఆడియో దారి తెరుచుకుంటుంది.

• తెరుచుకునే స్థాయి, మూసుకునే స్థాయి ఒకటే అయితే బలహీనమైన సిగ్నల్‌కు రిపీటర్ టపటపా కొట్టుకుంటుంది. అందుకే రెండింటి మధ్య కొంత ఎడం ఉంచుతారు. అదే హిస్టెరిసిస్.

• 1970ల నాటి మోటరోలా మైకార్ రేడియోల స్క్వెల్చ్‌కు రెండు వేగాలు. బలమైన సిగ్నల్ ఆగితే తక్షణం మూసుకుంటుంది. బలహీనమైనదైతే క్షణకాలం ఆగి మూసుకుంటుంది. దాంతో కదిలే కారు నుంచి వచ్చే మాట ముక్కలు కాదు.

• స్క్వెల్చ్ పరీక్షకు సిగ్నల్ జనరేటర్ కావాలి. సిగ్నల్‌ను మెల్లగా పెంచుతూ, తగ్గిస్తూ రెండు స్థాయిలనూ రాసుకోవాలి. తర్వాత డీవియేషన్ (మాటకు తగ్గట్టు సిగ్నల్ పౌనఃపున్యం ఊగే మేర) పెంచి చూడాలి. గట్టిగా మాట్లాడితే వచ్చే పై పౌనఃపున్యాలను హోరుగా పొరబడి, మాట మధ్యలోనే మూసుకుపోయే సర్క్యూట్లూ ఉన్నాయి.

• హోరు తగ్గినంత మాత్రాన వచ్చింది మనవారి సిగ్నలే అనుకోలేం. అందుకే చాలా రిపీటర్లు 67 నుంచి సుమారు 250 హెర్ట్జ్ మధ్య ఒక మంద్రమైన టోన్ కూడా ఉంటేనే తెరుచుకుంటాయి.