స్పీకర్ స్టాండ్ కొనేముందు టేపు తీయండి: బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి ఎత్తు, బేస్, ఇసుక లెక్కలు

ఈ ఎపిసోడ్‌లో స్పీకర్ల గురించి కాదు, స్పీకర్ల కింద ఉండే దాని గురించి మాట్లాడుకుందాం. స్టాండ్. ఇనుప గొట్టం గురించి ఎపిసోడ్ ఏంటి అనుకోకండి. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొని, టీవీ యూనిట్ మీద టీవీకి అటొకటి ఇటొకటి ఇరికించి, "ఇంత డబ్బు పెట్టా, డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉందేంటి" అని యాంప్లిఫయర్ మార్చి, కేబుల్ మార్చి, చివరికి స్పీకర్లనే సగం రేటుకి అమ్మేసేవాళ్లు ఉన్నారు. ఆ స్పీకర్లలో చాలావాటికి ఏ రోగమూ లేదు. పెట్టిన చోటు బాలేదు, అంతే.

ఇంకో సంగతి ఉంది, అది సౌండ్ కంటే సీరియస్. తేలికపాటి స్టాండ్ తెచ్చి పెడితే ఆరు కిలోల చెక్క డబ్బా రెండడుగుల ఎత్తులో ఊగుతూ ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఈ ముక్క ముందే చెప్పాలి. అందుకే ఈ వీడియోలో ఎక్కువ టైమ్ రెండు నంబర్ల మీదే పెడతాను: మీ చెవి ఎత్తు, స్టాండ్ బేస్ వెడల్పు. మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందు పేరు సంగతి. బుక్‌షెల్ఫ్ అన్నారు కాబట్టి షెల్ఫ్‌లో పెట్టాలి అనుకుంటాం. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. గాలి బయటికి పోకుండా పూర్తిగా మూసేసిన డబ్బా. అంతవరకు మంచి బాస్ కావాలంటే బీరువా సైజు డబ్బా కావాల్సి వచ్చేది, ఈయన దాన్ని బాగా చిన్నది చేశాడు. అలాంటి చిన్న డబ్బాలు అరలో పట్టేవి కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడు మనం కొనేవాటిలో చాలావాటికి వెనక ఒక రంధ్రం ఉంటుంది, అదే పోర్ట్. అందులోంచి కూడా బాస్ వస్తుంది. వాటిని పుస్తకాల మధ్య కుక్కితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి పేరుని సైజుగా చూడండి, అడ్రస్‌గా కాదు.

సరే, ఎత్తు. మామూలు టూ-వే స్పీకర్‌లో పైన చిన్న ట్వీటర్, కింద పెద్ద వూఫర్ ఉంటాయి. చాలా మోడల్స్‌లో 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ దగ్గర వూఫర్ తన పని ట్వీటర్‌కి అప్పగిస్తుంది. ఆ అప్పగింత జరిగేచోట రెండూ కలిసి పాడతాయి. 2 కిలోహెర్ట్జ్ సౌండ్ తరంగం పొడవు 17 సెంటీమీటర్లు. ట్వీటర్‌కీ వూఫర్‌కీ మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అంటే మీ చెవి బాగా పైకో కిందికో ఉంటే ఒకదాని సౌండ్ ముందు, రెండోదాని సౌండ్ కాస్త లేటుగా వచ్చి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మాటల్లో స్పష్టత ఉండేది సరిగ్గా ఆ ఏరియాలోనే. పాటలో సాహిత్యం మసకబారడం, సినిమాలో డైలాగ్ కోసం వాల్యూమ్ పెంచడం, ఇవన్నీ అక్కడినుంచి రావచ్చు. పక్కలకి జరిగితే ఇంత తేడా రాదు, ఎందుకంటే డ్రైవర్లు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి కదా. నిలువునా జరిగితేనే తేడా.

మరి ఎంత తేడా ఉంటే కంగారు పడాలి? నేను వాడే లెక్క ఇది. నిలువు కోణం 5 డిగ్రీల లోపు ఉంటే పెద్దగా పట్టించుకోను. 5 డిగ్రీలు అంటే ప్రతి మీటరు దూరానికి సుమారు 9 సెంటీమీటర్లు. మీరు స్పీకర్‌కి రెండున్నర మీటర్ల దూరంలో సోఫాలో కూర్చుంటే 22 సెంటీమీటర్ల దాకా అటూఇటూ అయినా ఓకే.

ఇప్పుడు టేపు తీయండి. సోఫాలో నిటారుగా, ఇంటర్వ్యూకి కూర్చున్నట్టు కాదు, రోజూ ఎలా జారబడతారో అలా కూర్చోండి. నేల నుంచి చెవి దాకా ఇంట్లో ఎవరినైనా కొలవమనండి. నాకు 95 సెంటీమీటర్లు వచ్చింది. దివాన్ మీదో, పరుపు మీదో కూర్చుని వినేవాళ్లకి ఇంకా తక్కువ వస్తుంది. తర్వాత స్పీకర్ అడుగు నుంచి ట్వీటర్ మధ్య దాకా కొలవండి. 22 అనుకుందాం. 95లోంచి 22 తీసేస్తే 73. మీకు కావాల్సిన ఆదర్శమైన స్టాండ్ ఎత్తు అది. మార్కెట్లో ఎక్కువగా దొరికేది 24 ఇంచులు, అంటే 61 సెంటీమీటర్లు. 12 సెంటీమీటర్లు తక్కువ పడింది. మన లిమిట్ 22 కాబట్టి పర్లేదు, తీసుకోవచ్చు. అదే స్పీకర్ 45 సెంటీమీటర్ల టీవీ యూనిట్ మీద పెడితే ట్వీటర్ 67 దగ్గర ఉంటుంది, చెవికి 28 తేడా. లిమిట్ దాటింది. పైగా ముందున్న చెక్క మీద తగిలి వచ్చే సౌండ్ వేరే గోల.

టేపు లేకపోతే ఫోన్ చాలు. కెమెరాని చెవి పక్కన, అదే ఎత్తులో పట్టుకుని స్పీకర్ వైపు ఫొటో తీయండి. ఫొటోలో స్పీకర్ పైభాగం, అంటే టాప్ చెక్క బాగా కనిపిస్తుంటే స్పీకర్ కిందకి ఉన్నట్టు. ముందు ముఖం మాత్రమే కనిపిస్తే ఎత్తు దగ్గర్లో ఉన్నట్టే. చెవితో చెక్ చేయాలంటే ఎవరైనా న్యూస్ చదివే వీడియో పెట్టండి, ఒక్క స్పీకరే ఆన్‌లో ఉంచి మెల్లగా నిలబడండి, మెల్లగా కూర్చోండి. గొంతు రంగు మారుతుంది చూడండి. కేఈఎఫ్ వాళ్ల ఎల్ఎస్50 లాంటివాటిలో ట్వీటర్ వూఫర్ మధ్యలోనే ఉంటుంది, అలాంటి వాటికి ఈ ఎత్తు బాధ చాలా తక్కువ.

ఒక్క నిమిషం, డెస్క్ మీద స్పీకర్లు పెట్టుకున్నవాళ్లు స్కిప్ చేసేయకండి. అసలు బాధ మీదే. మీ దూరం 60 సెంటీమీటర్లు. మీటరుకి 9 లెక్కన మీకున్న లిమిట్ 5 సెంటీమీటర్లే. టేబుల్ మీద నేరుగా పెడితే ట్వీటర్ మీ గడ్డానికి కూడా రాదు. ఇక్కడ పెద్ద స్టాండ్ అక్కర్లేదు, స్పీకర్‌ని పైకి వాల్చండి. 20 సెంటీమీటర్ల లోతున్న స్పీకర్ ముందు భాగాన్ని 3.5 సెంటీమీటర్లు లేపితే 10 డిగ్రీలు వాలుతుంది. రబ్బరు ముక్క, గట్టి ఫోమ్ ఏదైనా సరే, వెనక్కి జారకుండా ఒక అడ్డు పెట్టండి.

ఇప్పుడు రెండో నంబర్, బేస్. ఇది ఎవరూ అడగరు. షాపులో స్టాండ్ చూడగానే పైప్ మీద చేత్తో కొట్టి "గట్టిగా ఉంది" అంటారు. పైప్ గట్టిగా ఉంటే స్టాండ్ పడదని కాదు. బీటెక్ ఫస్ట్ ఇయర్‌లో ఇంజినీరింగ్ మెకానిక్స్ అని ఒక సబ్జెక్ట్ ఉండేది, అందులో మొమెంట్ అని ఒకటి. పరీక్ష అయిపోయాక నాకు అది పనికొచ్చింది ఇక్కడే.

గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో చేయించే స్టాండ్ తీసుకుందాం. మూడు ఇంచుల స్క్వేర్ పైప్, రెండు ఎంఎం మందం, 60 సెంటీమీటర్ల పొడవు. కింద 30 బై 30 సెంటీమీటర్ల ప్లేట్, ఆరు ఎంఎం. పైన చిన్న ప్లేట్. మొత్తం 8 కిలోల దగ్గర వస్తుంది. దాని మీద 6 కిలోల స్పీకర్. స్పీకర్ మధ్యభాగం నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ పక్కకి తోస్తే ఎంత బలానికి స్టాండ్ లేచిపోతుంది? సుమారు 2.8 కిలోలు. అంతే! మూడు లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తేంత బలం కూడా అక్కర్లేదు.

అందరూ చెప్పే చిట్కా, పైప్‌లో ఇసుక నింపడం. ఈ పైప్‌లో 5 కిలోల ఎండు ఇసుక పడుతుంది. నింపాక ఆ నంబర్ 3.8 అవుతుంది. బాగుంది. కానీ ఇసుక లేకుండా బేస్ ప్లేట్‌ని 40 బై 40 చేస్తే? 4.6. రెండూ చేస్తే 5.9. అంటే పది సెంటీమీటర్ల ప్లేట్, ఐదు కిలోల ఇసుకని ఓడించింది. ఒక మెలిక ఉంది: కింద కాళ్లు పెడితే లెక్కలోకి వచ్చేది ప్లేట్ వెడల్పు కాదు, కాళ్ల మధ్య దూరం. నలభై ప్లేట్ వేయించి కాళ్లని లోపలికి బిగిస్తే డబ్బు దండగ. మూలల చివర్లో పెట్టమని గట్టిగా చెప్పండి. "అన్నా, కాస్త లోపలికి పెడితే నీట్‌గా ఉంటది" అంటాడు. వద్దు అన్నా, అంచుకే పెట్టు అనండి.

ఇసుక వద్దని నేను అనట్లేదు. ఖాళీ పైప్‌ని వేలితో కొడితే గంటలా మోగుతుంది, ఇసుక ఆ మోతని చంపేస్తుంది. అది దాని అసలు పని. కాకపోతే పూర్తిగా ఎండిన ఇసుకే వాడాలి. జల్లెడ పట్టి, డాబా మీద రెండు మూడు రోజులు ఎండలో ఆరబోయండి. తేమ ఉంటే పైప్ లోపల తుప్పు పడుతుంది. వెల్డింగ్, పెయింట్ అన్నీ అయ్యాకే నింపాలి, నింపాక వెల్డింగ్ జోలికి పోకూడదు. పై ప్లేట్‌లో ఒక ఇంచు రంధ్రం ముందే పెట్టించుకోండి. ఇసుకని పలుచటి ప్లాస్టిక్ కవర్లలో కట్టి దింపితే అతుకుల్లోంచి కారదు. విదేశీ వీడియోల్లో సీసం గుళ్లు నింపడం చూపిస్తారు. సీసం విషం, ఇంట్లోకి తేకండి.

స్పైక్స్ గురించి రెండే ముక్కలు. ఆ సూది మొనలు కార్పెట్ ఇళ్ల కోసం, కార్పెట్‌ని దాటి కింద నేలని పట్టుకోవడానికి. మన ఇళ్లలో టైల్స్, మార్బుల్, గ్రానైట్. గీతలు పడతాయి, అద్దె ఇల్లైతే ఓనర్ గారు అడ్వాన్స్‌లో కోస్తారు. హార్డ్‌వేర్ షాపులో నైలాన్ అడుగు ఉన్న అడ్జస్టబుల్ కాళ్లు దొరుకుతాయి, తిప్పితే ఎత్తు మారేవి. అవి చాలు. వెల్డింగ్ వేడికి ప్లేట్ కాస్త వంగినా వీటితో సరిచేసుకోవచ్చు. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటే పై ప్లేట్ మీద పెట్టి చూసుకోండి.

స్పీకర్‌కీ పై ప్లేట్‌కీ మధ్య పోస్టర్లు అంటించే మెత్తటి పుట్టీ, స్టేషనరీ షాపులో ఉంటుంది, శనగగింజంత ఉండలు నాలుగు మూలలా పెట్టి నొక్కండి. స్పీకర్ జారదు. తీసేటప్పుడు నిలువుగా లాగకుండా మెల్లగా తిప్పుతూ తీయండి, లేకపోతే చెక్క పొర ఊడొచ్చు.

ఇక గోడ నుంచి దూరం. స్టాండ్ వల్ల వచ్చే అసలు లాభం నా దృష్టిలో ఇదే, టీవీ యూనిట్‌ని జరపలేం, స్టాండ్‌ని జరపగలం. స్పీకర్ నుంచి వెనక్కి వెళ్లిన బాస్ గోడకి తగిలి తిరిగొస్తుంది. 343ని, స్పీకర్ ముందు ముఖం నుంచి గోడకి ఉన్న దూరానికి నాలుగు రెట్లతో భాగించండి, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర సౌండ్ ఒకదాన్నొకటి తినేస్తుంది. 60 సెంటీమీటర్లైతే 143 హెర్ట్జ్, మీటరైతే 86 హెర్ట్జ్. మరీ గోడకి ఆనిస్తే బాస్ ఉబ్బిపోతుంది, అందరూ జలుబు చేసినట్టు పాడతారు. పోర్ట్ ముందుంది కాబట్టి గోడకి అంటించొచ్చు అంటారు, అది కరెక్ట్ కాదు. పోర్ట్ ఎటున్నా బాస్ అన్ని వైపులకీ పోతుంది.

ఒకే కరెక్ట్ దూరం అంటూ లేదు. 50 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, పది పది జరుపుతూ, నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ వినండి. బాలు గారి పాట ఏదైనా పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల మధ్యలో, గాల్లో మనిషి నిలబడ్డట్టు వినిపించాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో మీకూ వాటికీ అంతే దూరం అనేది మంచి స్టార్టింగ్ పాయింట్. మన హాలులో నడిచే దారి అడ్డొస్తే, వినేటప్పుడు గుర్తు దాకా లాగి, అయ్యాక వెనక్కి పెట్టేయండి. జరిపేటప్పుడు పట్టుకోవాల్సింది పైప్‌ని, స్పీకర్‌ని కాదు.

పిల్లల విషయం చెప్తానన్నాను కదా. మనం కష్టపడి తెచ్చిన 5.9 కిలోలు ఉందే, అది నడక నేర్చుకుంటున్న పాప పట్టుకుని వేలాడితే ఏ మూలకీ రాదు. పాప బరువే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకని ఆ వయసు పిల్లలుంటే నా మాట వినండి, ఈ స్టాండ్ పక్కన పెట్టేయండి. గోడకి బిగించే బ్రాకెట్ వేయించండి, స్పీకర్ బరువుకి తగ్గది, స్పీకర్ పట్టీతో కట్టి ఉండేది. బాస్ కొంచెం ఎక్కువవుతుంది, యాంప్లిఫయర్‌లో బాస్ రెండు గీతలు తగ్గించుకోండి. స్టాండే కావాలంటే పైప్‌నీ, స్పీకర్‌నీ రెండింటినీ గోడకి పట్టీతో కట్టాలి, ఒక్క పైప్‌ని కడితే స్పీకర్ విడిగా పడుతుంది. వైర్ కూడా అంతే, వేలాడుతూ కనిపిస్తే పిల్లలు లాగుతారు. పైప్ వెనక నుంచి దింపి మూడు చోట్ల ట్యాగ్ వేసి, నేల మీద గోడ వారగా తీసుకెళ్లండి. స్టాండ్ జరపడానికి ఒక అడుగు వైర్ మాత్రం అదనంగా వదలండి.

ఓకే ఫ్రెండ్స్, వెల్డింగ్ షాపుకి చూపించాల్సిన కొలతలు ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నాయి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. చెవి ఎత్తు మాత్రం నాది కాదు, మీది రాసుకోండి. ఉంటాను, బై.