ఇంట గట్టిన విమానము

బెళుగుప్ప ప్రాంతపు రైతునకు ఆకాశమువంక జూచుట నిత్యకృత్యము. వేరుసెనగ విత్తినది మొదలు అతని చూపు మబ్బులమీదనే యుండును. 2003 తరువాతి యేండ్లలో మేఘమథనమునకై అనంతపురము జిల్లాపై విమానములు తిరిగినవి గనుక, విమానమనగా వానను దెచ్చు యంత్రమని ఇచ్చటి పిల్లలు తలచుటలో వింతలేదు. అట్టి పిల్లవాడొకడు పెద్దవాడై “నేనే విమానము గట్టి నడిపెదను” అన్నచో ఇంటిపెద్దలు నవ్వుదురు.

నవ్వుట తగదని మా యభిప్రాయము. ముంబయి నగరమునందలి కాందివలిలో అమోల్ యాదవ్ అను వైమానికుడు తానుండు మేడమీదనే ఆరుగురు కూర్చుండదగిన విమానమును నిర్మించెను. 2016లో ఆ నగరమున జరిగిన ప్రదర్శనమునందు జనులు దానిని జూచిరి. 2017లో అది ప్రభుత్వపు పట్టికకెక్కెను. ఎగురుటకు అనుమతి 2019లో గాని రాలేదు. విత్తినవాడు మూడేండ్లు వానకై కాచుకొనియుండగలడా?

మనవారు తరచు పొరబడు సంగతి యొకటి గలదు. మోటారుబండికి రిజిస్ట్రేషను, తోలువానికి లైసెన్సు వేరైనట్లే, విమానమునకు అనుమతి వేరు, నడుపువానికి లైసెన్సు వేరు. యాదవుగారు వృత్తిచేత వైమానికులు గావున రెండవ చిక్కు వారికి లేదు. సామాన్యునకు అదియు గలదు. స్వంతముగ ఎగురగోరువానికి 17 ఏండ్లు నిండవలెను, పదవతరగతి గడువవలెను, వైద్యుని పరీక్షయందు నెగ్గవలెను, నియమములు, దిక్కుల గణితము, వాతావరణము, యంత్రములు చదివి పరీక్ష నీయవలెను. ఇవన్నియు నటుండ, గురువు చెంత నేర్చి, కొంతకాల మొంటరిగను నడపి, మొత్తము 40 గంటలు ఎగిరియుండవలెను. వ్యయము లక్షలలోనిది. చేను తాకట్టు బెట్టక సాగునది కాదు.

ఈ నియమములను మేము నిందింపము. ఈ మెట్టసీమ గాలి యెట్టిదో ఇచ్చటి గాలిమరలే చెప్పును. వేసవి మధ్యాహ్నమున రాతినేల కాగి, గాలి పలుచనై, రెక్కకు మోతబలము తగ్గును. నేలవిడుచుటకు పరుగు హెచ్చును. సుడిగాలి తేలికవిమానమును గడ్డిపరకవలె నూపును. గురువు ప్రక్కన గూర్చుండి నేర్వక సాహసించువాడు తన ప్రాణమునే గాక క్రిందివారి ప్రాణములను గూడ పణమొడ్డును.

మా యాక్షేపణము దూరముపైనను, జాప్యముపైనను. శిక్షణకై బెంగుళూరు చేరువ జక్కూరు వంటి చోట్లకు బోవలసియున్నది. పుట్టపర్తిలో విమానములు దిగు బాట 1990 నుండి గలదు. కర్నూలు చెంత ఓర్వకల్లు విమానాశ్రయము 2021లో తెరువబడెను. శిక్షణకు మబ్బులేని ఆకాశము మేలు. అనావృష్టి మనకిచ్చిన సంపద యదియొక్కటియే, దానినైనను వాడుకొనరాదా?

ఇక జాప్యము. అమెరికాలో విమానమున సగమునకు మించిన పని ఔత్సాహికులే చేసిరని రుజువైనచో, అధికారి పరీక్షించి ప్రయోగవిమానముగా పత్రమిచ్చును. దారి ముందే తెలిసియుండును. ఇచ్చట 1934 నాటి పరప్రభుత్వపు విమానశాసనము తొలగి, భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. పేరు మనదైనది, సంతోషమే. ఇంట గట్టిన విమానమును ఇన్ని మాసములలో పరీక్షించి తీర్పు చెప్పవలెనను గడువును దానిక్రింద నిర్ణయింపవలెనని మేము కోరుచున్నాము. కాదన్నను కారణము వ్రాసి పంపవలెను.