వాన కురవని సరిహద్దు, దారి చూపిన పీణ్య

పొద్దున షిఫ్టు వేళ బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో, సెకండ్ స్టేజ్ రోడ్ల మీద కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. గార్మెంట్స్ ఫ్యాక్టరీల వైపు క్యారియర్లతో నడిచే ఆడవాళ్లు, లేత్ షాపులకు, పౌడర్ కోటింగ్ షెడ్లకు వెళ్లే కుర్రాళ్లు చాలామంది సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని పావగడ, మడకశిర పల్లెల వాళ్లు. లగ్గెరె, హెగ్గనహళ్లి వఠారాల్లో ఒక్క గది అద్దెకు తీసుకుని బతుకుతున్నారు.

ఈ రెండు ప్రాంతాల భూగోళమే విచిత్రం. కర్ణాటకలోని పావగడకు మూడు వైపులా ఆంధ్ర, ఆంధ్రలోని మడకశిరకు మూడు వైపులా కర్ణాటక. పావగడలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు. మడకశిర వైపు అగళి, రొళ్ల పల్లెల్లో చాలామందిది కన్నడం. పావగడ వాసి తన జిల్లా కేంద్రమైన తుమకూరుకు మధుగిరి మీదుగా పోవాలంటే ఆంధ్ర నేల దాటాలి. రెండు రాజధానులకూ ఈ ప్రాంతం చివరి ఊరే.

కరువుకు మాత్రం ఈ సరిహద్దు గీత లేదు. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ అదనులో పడదు. ఎర్రనేలలో వేరుశనగ మొలకెత్తి, పూత పూసి, ఊడలు నేలలోకి దిగే రోజుల్లోనే వాన ముఖం చాటేస్తుంది. గట్టిపడిన మట్టిలోకి ఊడ దిగదు, దిగినా కాయ ఊరదు. పైకి చేను పచ్చగానే ఉంటుంది, పీకి చూస్తే తాలు కాయలు. విత్తనాల అప్పు, బోరు అప్పు మిగులుతాయి. లోతుకు పోయేకొద్దీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్.

ఎండే పంటగా మారిన చోటు పావగడలోని తిరుమణి. అక్కడి అయిదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసింది. భూమి ఉన్న రైతుకు ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో కౌలు మొదలైంది. కరువు నేలలో అది చిన్న మాట కాదు. కానీ సెంటు భూమి లేని కూలీకి కౌలు రాదు, చేనిపనీ పోయింది. గొర్రెలు మేపే బీళ్లకు కంచె పడింది. వాళ్లకు మిగిలింది బెంగళూరు బస్సే.

ఆ బస్సులోనే మరో గీత కనిపిస్తుంది. 2023 జూన్ నుంచి కర్ణాటకలో శక్తి పథకం కింద ఆడవాళ్లకు లగ్జరీ కాని బస్సుల్లో ప్రయాణం ఉచితం, అయితే ఆ రాష్ట్ర చిరునామా ఉండాలి. 2025 ఆగస్టులో ఆంధ్రలో మొదలైన ఇలాంటి స్త్రీ శక్తి పథకం ఆ రాష్ట్రం లోపలికే. ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద కుట్టే ఇద్దరు పండక్కి ఊరెళ్తే, పావగడ ఆమెకు ప్రయాణం ఉచితం. మడకశిర ఆమె హద్దు దాకా టికెట్ కొనాలి. ఇద్దరిదీ ఒకే కరువు.

ఈ పల్లెల మీదుగా వేయాల్సిన తుమకూరు–రాయదుర్గం రైలుమార్గం 2007-08లో మంజూరైంది. రాయదుర్గం వైపు కొంత దూరం రైళ్లు తిరిగినా, అప్పుడు పుట్టిన బిడ్డలు పీణ్యలో పనికి చేరే వయసుకొచ్చినా మార్గం పూర్తి కాలేదు. అది పూర్తయితే గది అద్దె కట్టే బదులు ఊళ్లోనే ఉండి తుమకూరులో పని చూసుకునే వీలు కొందరికైనా దొరుకుతుంది.

పీణ్య ఈ ప్రజలకు అన్నం పెట్టింది, ఆ రుణం కాదనలేనిది. అయితే 2020 లాక్‌డౌన్‌లో షెడ్లు మూతపడగానే కూలీలు మూటాముల్లె సర్దుకుని సొంతూరి దారే పట్టారు. నగరంలో పని ఆగిన రోజు సొంతూళ్లో నీళ్లు లేకపోతే వాళ్లకు భరోసా లేదు. హంద్రీ-నీవా కాలువ నీళ్లు మడకశిర చెరువులకు ఏటా చేరాలి, రైలుమార్గం పూర్తి కావాలి, సరిహద్దు జనానికి రెండు రాష్ట్రాల పథకాలూ వర్తించేలా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకోవాలి. ఓట్ల కోసం ఈ చివరి ఊళ్ల దాకా వచ్చే నాయకులు ఈ మూడు పనులకూ గడువు చెప్పి మరీ ఓటు అడగాలి.