వేపపొగయు, పెంపుడు జంతువులును



వానలు పడి దోమలును, గోమారులును బలసిన దినములలో మన యిండ్లయందు వేపాకు, వావిలాకు పొగ వేయుట పూర్వమునుండి వచ్చుచున్న యాచారము. ఇది మంచి యాచారమే. 1959వ సంవత్సరమున సూడాను దేశమున మిడుతలదండు పచ్చని చెట్లను నమలి, వేపచెట్లను మాత్రము తినక విడుచుటను జర్మనుదేశపు శాస్త్రజ్ఞుడు ష్ముట్టెరర్ చూచెను. 1968లో ఇంగ్లండునందలి శాస్త్రజ్ఞులు వేపగింజలనుండి, పురుగులను మేయనీయని ద్రవ్యమును వేరుచేసిరి. మన పెద్దలు ధాన్యమున వేపాకు కలుపుట వట్టిది కాదని దీనివలన తేలినది.

అయితే నేడు నేను ముఖ్యముగా మనవి చేయునది వేఱొకటి. ఆకునుండి వచ్చినది గనుక ఏ ప్రాణికిని హాని చేయదని తలపరాదు. గన్నేరును ఆకే గదా! దానిని మేసిన పశువు గతి మీరెఱుగనిది కాదు.

మనము పూసికొన్న తైలము మన యొంటిమీదనే యుండును. పిల్లియు, కుక్కయు, దూడయు నట్లు గాదు. అవి యొడలు నాకుకొనును. పైని పూసినది కొంతసేపటికే కడుపులో చేరును. వీనిలో పిల్లి మఱింత సుకుమారము. కొన్ని ద్రవ్యములను మార్చి వెలికి పంపు శక్తి దాని కాలేయమునకు మిక్కిలి తక్కువ. కావున లవంగతైలము, నీలగిరితైలము, కర్పూరము కలిపిన నూనె మనకు హాయి గూర్చినను పిల్లికి ప్రాణముమీదికి తేవచ్చును. వెల్లుల్లి పిల్లికిని, కుక్కకును నెత్తురును చెఱచును. పేలకై పూయు పొగాకు కషాయము తోలుగుండ లోనికింకి పశువునే చంపగలదు. సీతాఫలపు గింజల పొడి కంటబడినచో చూపునకే మోసము.

మఱి చేయవలసినదేమి? కొట్టములో ముందుగా పొగవేసి, అది పలుచబడిన పిదప పశువులను కట్టవలెను. కోళ్లగంపను, చిలుకపంజరమును దూరముగా నుంచవలెను. పక్షులు పొగ కోర్వవు. కుక్క యొంటి గోమారులను చేతితో నేరివేసి, అది పండుకొను చోటు శుభ్రపఱచుట మేలు. దోమ నిలువనీటిలో పుట్టును గాన తొట్లను వారమునకొకసారి తోమి యెండగట్టిన సగము పొగతో పనియే యుండదు.

జంతువు చొంగ కార్చినను, వణకినను, తూలినను జాగు చేయరాదు. ఒంటిపై తైలమున్నచో గోరువెచ్చని నీటితో, సబ్బుతో కడిగి, తుడిచి, పూసిన మందు సీసాతో సహా పశువైద్యునికడకు కొనిపోవలెను. కక్కింపజూడరాదు; నోట నేమియు పోయరాదు.

ఇంటి పిల్లి యిట్లు చచ్చినచో పాము కఱచెననియో, దిష్టి తగిలెననియో యనుకొందుమే గాని గూటిలోని సీసావంక చూడము. మన గాదెలను ఎలుకలనుండి కాచు ప్రాణి యది. ఊరిలో మీ మాటకు విలువ గలదు గనుక, మందు నూఱు చేతులకు ఈ సంగతి మీరే చెప్పవలెనని నా ప్రార్థన.