అరకిలో మట్టి... ఎకరం జాతకం!

మీకు తెలుసా? ఎకరం నేలలో పైన ఆరంగుళాల మట్టి బరువు దాదాపు 9 లక్షల కిలోలు! పరీక్షకు పంపాల్సింది మాత్రం అరకిలో. ఆ అరకిలో సరిగ్గా తీయకపోతే మిగతా 9 లక్షల కిలోల గురించి వచ్చే రిపోర్టంతా అబద్ధమే!

అందుకే తీసే పద్ధతి తెలియాలి. ఎకరానికి ఎనిమిది, పది చోట్ల 'వి' ఆకారంలో ఆరంగుళాల గుంట తవ్వి, అంచు వెంట పైనుంచి కిందికి అంగుళం మందాన మట్టి చెక్కండి. పెరడైతే నాలుగైదు గుంటలు చాలు. అంతా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండింటిని ఉంచి మిగతావి తీసేయండి. అరకిలో మిగిలేదాకా ఇదే ఆట! ఆరబెట్టడం నీడలోనే. గట్ల మీద, చెట్ల కింద, పెంటకుప్ప పక్కన మట్టి తీయొద్దు. యూరియా సంచిలో నింపారా? రిపోర్టు మీ నేలకు కాదు, ఆ సంచికి వస్తుంది!

మీకు తెలుసా? నేలలో ఆమ్లం, క్షారం కొలిచే పీహెచ్ పుట్టింది ఓ బీరు కంపెనీ ప్రయోగశాలలో! 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్‌లో సోరెన్సెన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. ఇందులో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. రెండంకెలైతే వంద రెట్లు!

ఇక మన నేలల సంగతి చూడండి. బాన్సువాడ నుంచి బిచ్కుంద, మద్నూర్ వైపు వెళ్తే నల్లరేగడి. ఎండాకాలం అది నోళ్లు తెరుస్తుంది, పైమట్టి ఆ పగుళ్లలో పడుతుంది, వానకు ఉబ్బి మూసుకుంటుంది. నాగలి లేకుండా తనను తానే దున్నుకునే నేల!

వరి ఆకుల మీద తుప్పు మచ్చలు చూసి తెగులు మందు కొడుతున్నారా? ఆగండి! అది జింకు లోపం కావచ్చు. 1966లో పంత్‌నగర్‌లో ఈ గుట్టు విప్పిన వై.ఎల్. నేనె తెగుళ్ల శాస్త్రవేత్తే. తెగుళ్లాయనే తెగులు కాదని తేల్చారు! తర్వాత ఆయన మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కే వచ్చారు.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో భూసార కార్డుల పథకం మొదలైంది. ఒక్క కార్డులో 12 పరీక్షలు! సరిగ్గా మూడు వారాలకు, మార్చి 12న, మన సదాశివనగర్‌లో చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలైంది. అక్కడ కార్డు, ఇక్కడ పూడిక మట్టి. చెరువు అడుగున చేరిన ఆ మెత్తటి బంకమట్టి చల్క నేలకు వేస్తే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇంతకన్నా చక్కటి జోడీ నేను చూడలేదు!

మీకు తెలుసా? తొలకరి వాసన మట్టిది కాదు, అందులోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్‌ది. లక్ష కోట్ల భాగాల్లో ఐదారు భాగాలున్నా మన ముక్కు పసిగట్టేస్తుంది!

కారుచౌడుకు జిప్సం, ఆమ్ల నేలకు సున్నం. తారుమారు చేశారో, రోగం ఒకటి, మందు ఇంకొకటి! ఏది వేయాలో పరీక్షే చెప్పాలి. జీలుగు మాత్రం వరి మడికి నేస్తం. పూతకొచ్చే వేళ, దాదాపు 45 రోజులకు, కలియదున్నితే నత్రజని మడిలోనే తయార్!

రెండు, మూడు సెంటీమీటర్ల పైమట్టి ఏర్పడటానికి ఎన్నాళ్లో తెలుసా? వెయ్యేళ్లు పట్టొచ్చు! కాబట్టి ఈ ఎండాకాలం, పొలం ఖాళీగా ఉన్నప్పుడే, ఎరువు చల్లకముందే నమూనా తీయండి. మీ వ్యవసాయ విస్తరణ అధికారికి (ఏఈఓ) ఇవ్వండి, లేదా రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. విత్తనం కొనేది ఆ తర్వాతే!