నీళ్ళ సంపు, సెప్టిక్ ట్యాంకు: జాగ్రత్తలు

విరేచనాలతో బిడ్డను తెచ్చినప్పుడు "ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అని అడుగుతాం. "సంపు నీళ్ళే సిస్టర్, తేటగానే ఉంటాయి" అంటారు. తేటగా ఉన్న నీళ్ళన్నీ మంచివి కావు. సంపు గోడకు నెర్రె ఉంటే పక్కనున్న సెప్టిక్ ట్యాంకు మురుగు లోపలికి ఊరుతుంది. రెండిటినీ వీలైనంత దూరంగా కట్టించండి. సంపు కడిగి నింపాక, వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు బకెట్టు నీళ్ళలో కలిపి, పైన తేరిన నీటిని మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోండి. మూత తీసి ఉంచిన పౌడరుకు బలం ఉండదు.

ఇక సెప్టిక్ ట్యాంకు. రెండు మూడేళ్ళకొకసారి మోటారు ట్యాంకరుతో తోడించండి. మనిషిని మాత్రం దింపవద్దు. రక్షణ సాధనాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉంటుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియదు. అగ్గిపుల్ల గీసి చూడవద్దు, మీథేన్ అంటుకుంటుంది.

ఒకరు పడిపోతే కాపాడాలని అన్న దిగుతాడు, అతని కోసం తమ్ముడు దిగుతాడు. ముగ్గురూ పోతారు. మీరు దిగకండి, తొంగి చూడకండి. జనాన్ని దూరం జరిపి వెంటనే 101కి, 108కి ఫోన్ చేయండి.